రస్సెల్ దొర పాములూ చేపలూ: 4,000 పోసి కొన్న రీప్రింట్ల మీద నా రివ్యూ

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. ప్యాట్రిక్ రస్సెల్ రాసిన పుస్తకాలు బంగారం. నేను కొన్న రీప్రింట్లు మాత్రం శుద్ధ దండగ. ఈ రెండూ వేరువేరు సంగతులని నా బుర్రకెక్కడానికి 4,000 రూపాయలు, పదకొండు రోజుల ఎదురుచూపు, ఫిషింగ్ హార్బర్‌లో ఒక పొద్దుట పూట ఖర్చయ్యాయి.

రక్తపింజరని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారని పాముల వీడియోలు చూసే పిల్లలక్కూడా తెలుసు. ఆ రస్సెల్ ఎవడో, ఆ పాముని ఎక్కడ చూశాడో మాత్రం నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా తెలీదు. వైజాగ్‌లో పుట్టి, వైజాగ్‌లో చదివి, ఆదివారమైతే హార్బర్‌కి వెళ్ళి చేపలు తెచ్చుకునే నాకు, ఆయన 1780లలో మా ఊళ్ళోనే మకాం పెట్టి ఈ చేపల్నే, ఈ పాముల్నే బొమ్మలు గీయించి పెట్టుకున్నాడని ఎవరూ చెప్పలేదు. బళ్ళో చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు, నేను డిగ్రీలో జువాలజీ చదివినవాణ్ణి మరి.

మనిషి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఎడింబరోలో పుట్టిన డాక్టరు. సవతి అన్న అలెగ్జాండర్ సిరియాలోని అలెప్పోలో లెవాంట్ కంపెనీకి (అటువైపు దేశాలతో వ్యాపారం చేసే ఇంగ్లీషు కంపెనీ) డాక్టరుగా ఉంటే 1750లో తనూ అక్కడికి వెళ్ళి, తరవాత అన్న ఉద్యోగంలోకి వచ్చి, 1760-62 మధ్య ప్లేగు ఊరిని ఊడ్చేస్తుంటే అక్కడే ఉండి వైద్యం చేశాడు, తరవాత ఆ ప్లేగు మీద పెద్ద పుస్తకమూ రాశాడు. 1781లో సోదరుడు క్లాడ్‌కి విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు వస్తే ఆయనతో పాటు బయల్దేరాడు. అప్పటికే యాభై దాటాయి. మనవాళ్ళు పీఎఫ్ ఎంతొస్తుందో లెక్కలు వేసుకునే వయసులో ఈయన పాములవాళ్ళని పిలిపించి బుట్టలు తెరిపించడం మొదలుపెట్టాడన్నమాట. అంతకుముందు కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోతే ఆ పని ఈయనకి వచ్చింది. 1789లో ఈయన ఓడెక్కి వెళ్ళిపోతే ఆ పని సామర్లకోటలో తోటలు వేసిన రాక్స్‌బరోకి పోయింది. మొక్కల వాళ్ళకి రాక్స్‌బరో పేరు బాగానే తెలుసు, రస్సెల్‌నే పాము ఒక్కటి మోస్తోంది.

పుస్తకాలు రెండు. మొదటిది కోరమాండల్ తీరపు పాముల మీద, మొదటి సంపుటం 1796లో వచ్చింది, రెండో సంపుటం విడతలు విడతలుగా వచ్చి ఆయన పోయాక 1809కి పూర్తయింది. రెండో పుస్తకం చేపల మీద, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలు, బొమ్మలతో సహా, రెండు సంపుటాలు, 1803. ఆయన పోయింది 1805లో. అంటే చేపల పుస్తకం అచ్చయ్యేనాటికి డెబ్బై ఐదు దాటిన ముసలాయన.

ఇంత తెలిశాక ఒరిజినల్ కొందామనుకున్నాను, ధర చూసి నవ్వొచ్చింది, నా బండి అమ్మినా రాదు. అప్పుడు కనబడ్డాయి ఈ రీప్రింట్లు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు (పేరు రాయను, ఇలాంటి వాళ్ళు పదిమంది ఉన్నారు, అందరూ ఒకే తీరు) పాముల పుస్తకం 2,150, చేపల పుస్తకం 1,850 అని పెట్టాడు. "ఒరిజినల్‌కి నకలు, బొమ్మలన్నీ ఉన్నాయి" అని రాసుకున్నాడు. శాంపిల్ పేజీ ఒక్కటీ పెట్టలేదు, అక్కడే అనుమానపడాల్సింది. మనకి ఒక వస్తువు మీద మనసు పడితే అనుమానం రాదు కదా.

పదకొండో రోజు పార్సెల్ వచ్చింది. విప్పగానే మొదటి దెబ్బ అట్ట. చేపల పుస్తకానికి అట్ట మీద మంచు కొండలు! విశాఖపట్నం సముద్రపు చేపలకి మంచు కొండలేంటో నాకిప్పటికీ అర్థం కాలేదు, వాళ్ళ దగ్గర ఒక బొమ్మ ఉంటే అన్నింటికీ అదే అంటిస్తారు కాబోలు. సరే, అట్టతో మనకేం పని, లోపల చూద్దామని తెరిస్తే రెండో దెబ్బ: సైజు. ఒరిజినల్ పుస్తకాలు పాతకాలపు పెద్ద ఫోలియో సైజువి, బల్ల మీద పరిచి చూడాల్సినవి. దాన్ని తీసుకొచ్చి స్కూల్ నోట్‌బుక్ అంత చేశారు. చేప బొమ్మల మీద పొలుసు పొలుసుకీ, ముల్లు ముల్లుకీ సన్నటి గీతలుంటాయి, రాగి రేకు మీద చెక్కి అచ్చేసిన గీతలవి. వాటిని అంత కుదించి, మసక స్కాన్ నుంచి మామూలు కాగితం మీద అచ్చేస్తే గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చేప ఉన్న చోట నల్లటి మరక మిగిలింది. కొన్ని చేపలకి కన్ను ఎక్కడుందో కనబడదు. ఒక పేజీ మీద స్కాన్ చేసినవాడి బొటనవేలు మాత్రం గీతలతో సహా చక్కగా వచ్చింది.

మూడో దెబ్బ రెండ్రోజుల తరవాత గానీ తెలీలేదు. నాకొచ్చింది మొదటి సంపుటం మాత్రమే. పుస్తకం పేరులో రెండు వందల చేపలని ఉంటుంది, అమ్మకం పేజీలో కూడా అదే ఉంటుంది, లోపల సగమే. కస్టమర్ కేర్‌కి రాస్తే "పేజీలు చిరగలేదు, తడవలేదు కాబట్టి రిటర్న్ కుదరదు" అన్నారు. సగం పుస్తకం రాలేదయ్యా అంటే "మీరు ఆర్డర్ చేసింది ఒక పుస్తకం, వచ్చింది ఒక పుస్తకం" అని జవాబు. లెక్క కరక్టే మరి, ఏమంటాం!

ఇక పాముల పుస్తకం. దీంట్లో గీతలు కొంచెం నయం, పాము పెద్దగా ఉంటుంది కాబట్టి. కానీ ఒరిజినల్లో పాముల బొమ్మలకి చేత్తో రంగులు వేశారు, ఈ రీప్రింట్ నలుపూ తెలుపూ. చేపల పుస్తకంలో బొమ్మలకి మొదట్నించీ రంగుల్లేవు, పోయేదేమీ లేదు. పాములకి రంగు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? పసిరిక పాము బూడిద రంగులో ఉంది. పసుపు పట్టీ, నల్ల పట్టీ వేసుకుని మెరిసిపోయే పాముని రస్సెల్ "బంగారం పామా" అని రాసుకున్నాడు, మన బంగారు పామే. ఆ మాట పట్టుకునే తరవాత కట్లపాముల జాతి మొత్తానికి బంగారస్ అని శాస్త్రీయ నామం వచ్చింది. నల్లగా నిగనిగలాడే మామూలు కట్లపాముకి కూడా ఇవాళ ప్రపంచమంతా బంగారం పేరే, తెలుగు తెలిసినవాళ్ళకి తప్ప ఎవరికీ నవ్వు రాదు. అలాంటి పాము బొమ్మలో బంగారమే లేకుండా అచ్చేసి 2,150 తీసుకున్నారు.

ఈ పుస్తకాల అసలు గొప్ప ఏంటో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. రస్సెల్ బొమ్మ పక్కన చాలా చోట్ల పెట్టింది ఇక్కడివాళ్ళు చెప్పిన పేరే. లాటిన్‌లో రెండు మాటల పేరు పెట్టే పద్ధతి అప్పటికే వచ్చేసింది, పెడితే శాస్త్రంలో పేరు ఆయనకే దక్కేది. ఈయన దాని జోలికి పెద్దగా పోలేదు. జాలర్లని అడిగాడు, పాములవాళ్ళని అడిగాడు, వాళ్ళన్నది తన చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇంగ్లీషు చెవికి విన్న తెలుగుని మనం మళ్ళీ పైకి చదివితే ఉంటుంది చూడండి మజా. "పాలా బొంటా" అని ఉంటుంది, మన పాలబొంత. "కోమా సొర్రా" అంటే కొమ్ముసొర, ఆ సుత్తి తలకాయ సొర. "పాలా సొర్రా" అంటే పాలసొర, బాలింతలకి పాలు పడతాయని ఇప్పటికీ వెతికి కొంటారే, అదే. "వింగెరమ్" అంటే ఏంటా అని నేను ఐదు నిమిషాలు బుర్ర గోక్కున్నాను, వంజరం! "పండూమేనూ" మన పండుమీను, పండుగప్ప. పాముల్లో "జెరి పోటూ" జెర్రిపోతు. "రొండూ తలూలూ పామ్" చూసి మా ఆవిడ పడీ పడీ నవ్వింది. దొర నోట్లో రెండు తలల పాము అలా తిరిగిందన్నమాట. పైగా ఆ పేరు పక్కన ఉన్నది గుడ్డి వానపాములా ఉండే చిన్న పాము, తలేదో తోకేదో తెలీదు కాబట్టి ఆ పేరు.

ఇక రక్తపింజర. ఆయన రాసుకున్న పేరు "కటుకా రెకులా పొడా". కాటుక రేకుల పొడ. ఒంటి మీద వరసగా గోధుమ రంగు మచ్చలు, మచ్చ మచ్చకీ చుట్టూ నల్లటి అంచు. రేకుకి కాటుక దిద్దినట్టే ఉంటుంది. పొడ అంటే మచ్చ, ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో దాన్ని పొడపామనే అంటారు. ఆ పేరు పెట్టినవాడు చదువు లేని పాములవాడై ఉంటాడు, కవి మాత్రం ఖచ్చితంగా. 1797లో లండన్‌లో జార్జ్ షా అనే ఆయన దీనికి శాస్త్రీయ నామం పెడుతూ రస్సెల్ పేరు తగిలించాడు. గౌరవమే, కాదనను. కానీ కాటుక రేకుల పొడ ఎక్కడ, రస్సెల్స్ వైపర్ ఎక్కడ!

సరే, హార్బర్ సంగతికొస్తాను. ఈ రీప్రింట్‌కి సరైన పరీక్ష ఏంటా అని ఆలోచించి, ఒక ఆదివారం పొద్దున్న ఆరింటికి పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళాను. నేనెప్పుడూ కొనే పెద్దమ్మ ఒకావిడ ఉంది, అరవై పైనే ఉంటాయి, చేపని తోక పట్టుకుని ఎత్తి నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేస్తుంది. బేరాలు కాస్త తగ్గాక మొదటి పేజీ బొమ్మ తీసి "పెద్దమ్మా, ఇదేం చేపో చెప్పు" అన్నాను.

ఆవిడ చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, పుస్తకం దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదేటి బాబూ, అట్టు మాడిపోయినట్టుంది" అంది.

నిజంగా అలాగే ఉంది. గుండ్రటి నల్ల మరక, కింద తోకలాంటిది ఒకటి. పక్కనున్న ఇద్దరు కూడా చూశారు. ఒకావిడ టేకు చేప అంది, ఇంకొకాయన అసలు చేపే కాదన్నాడు.

అప్పుడు ఫోన్ తీశాను. అప్పటికే నాకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ దొరికింది లెండి, దాని గురించి కింద రాస్తాను. అదే బొమ్మ, ఒరిజినల్ పుస్తకం నుంచి శుభ్రంగా స్కాన్ చేసింది, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించాను. ఆవిడ రెండు సెకన్లు కూడా తీసుకోలేదు. "తిమిరి కదేటి! ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాది, వల్లో పడితే మావోళ్ళు కాలితో తోసేస్తారు" అంది.

రస్సెల్ దాని పక్కన రాసుకున్న పేరు "టెమెరీ". తరవాతి బొమ్మ "నల్లా టెమెరీ". మన తిమ్మిరిలోని తిమిరే. కరెంటు కొట్టే చేప, తాకితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. రెండు వందల ఏళ్ళ కిందట ఒక జాలరి ఆయనతో చెప్పిన మాట, ఇవాళ ఈవిడ అదే ఊరి హార్బర్‌లో నిలబడి, పుస్తకంలో పేరు చదవడం రాకుండానే, అదే మాట అంది. నాకు ఒళ్ళు జలదరించింది, తిమిరి ముట్టుకోకుండానే. 1,850 పెట్టి కొన్న పుస్తకం ఆ మాట చెప్పించలేకపోయింది, ఉచితంగా వచ్చిన స్కాన్ చెప్పించింది. ఇంతకంటే రివ్యూ నేనేం రాయగలను.

ఆ తరవాత ఆవిడే పుస్తకం లాక్కుని గబగబా పేజీలు తిరగేసింది. "కానాగంతలేవీ?" అంది. లేవు పెద్దమ్మా, అవి రెండో భాగంలో ఉన్నాయి, నాకు రాలేదు అన్నాను. "కానాగంతలు లేకుండా ఏటి చేపల పుస్తకం" అని పుస్తకం నా చేతిలో పెట్టేసి బేరంలో పడిపోయింది.

ఆవిడ అన్నది ఎంత కరక్టో ఆవిడకి తెలీదు. కానాగంతల్ని కానాగుర్తలని కూడా అంటారు, రస్సెల్ తన రెండో సంపుటంలో "కనగుర్తా" అని బొమ్మ వేయించాడు. 1816లో పారిస్‌లో కూర్చుని కువియర్ అనే ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఆ బొమ్మనే ఆధారం చేసుకుని స్కాంబర్ కనగుర్తా అని శాస్త్రీయ నామం పెట్టాడు. తరవాత మొదటి మాట మారి రాస్ట్రెల్లిగర్ అయింది గానీ రెండో మాట మారలేదు. అంటే ఎర్ర సముద్రం నుంచి ఇండోనేషియా దాటి ఎక్కడ ఈ చేప గురించి ఎవరు పరిశోధన పత్రం రాసినా మా ఊరి జాలర్ల తెలుగు మాట రాయాల్సిందే. హార్బర్‌లో బుట్టల లెక్కన అమ్ముడుపోయే చేప, ఎవరూ పెద్దగా లెక్కచేయని చేప, దాని పేరు చూస్తే అంతర్జాతీయం. కన్నెసి అనే చిన్న బొంత చేప పేరు కూడా ఇలాగే లాటిన్‌లోకి వెళ్ళింది.

పులస కథ మాత్రం కాస్త బాధ. రస్సెల్ పుస్తకంలో అదీ ఉంది, "పలాసా" అని. కువియర్ దీనికీ ఆ పేరే పెడుతూ 1829లో క్లూపియా పలాసా అన్నాడు. కానీ అప్పటికే ఏడేళ్ళ ముందు, 1822లో, హామిల్టన్ గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో ఇదే చేపకి ఇలిషా అని బెంగాలీ పేరు పెట్టేశాడు. శాస్త్రంలో ముందొచ్చిన పేరుకే విలువ. ఏడేళ్ళ తేడాతో బెంగాల్ వాళ్ళు కొట్టేశారు! పుస్తెలమ్మైనా పులస తినాలనే జాతికి ఇది చిన్న దెబ్బ కాదు. రస్సెల్ తన పుస్తకంలో తనే రెండు మాటల పేరు పెట్టి ఉంటే 1803 నాటి పేరు అయ్యేది, మనదే గెలిచేది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మీద నాకు కోపం. పాముల్లో ఒకటి ఆయన పెట్టిన పేరుతోనే నిలిచింది, తరంగంబాడిలో ఉన్న జాన్ అనే మిషనరీ పేరు మీద, ఇసుకలో ఉండే ఆ బొద్దు పాము. స్నేహితుడి పేరు పెట్టడానికి తీరిక దొరికింది గానీ పులసకి దొరకలేదు.

పాముల పుస్తకంలో బొమ్మలే కాదు, విషం మీద ప్రయోగాలు కూడా ఉన్నాయి. కోళ్ళనీ కుక్కల్నీ పాములతో కరిపించి ఎంతసేపట్లో ఏమైందో రాసుకుంటూ పోతాడు. చదువుతుంటే నాకు కడుపులో దేవింది, రెండు మూడు చోట్ల పేజీలు దాటేశాను, కుక్కల్ని పెంచుకునేవాళ్ళు ఆ భాగం చదవకండి. కానీ ఆ కాలంలో కంపెనీ వాళ్ళకీ ఊరివాళ్ళకీ కావాల్సింది ఒకటే: కరిచింది విషప్పామా కాదా తేల్చుకునే దారి. ఈయన పాము నోరు తెరిచి కోరలు చూశాడు, పళ్ళ వరసలు లెక్కపెట్టాడు, పై రంగుని బట్టి కాకుండా పళ్ళని బట్టి చెప్పాలని చూశాడు. తంజావూరు మాత్రలని అప్పట్లో పాముకాటుకి మహా పేరున్న మందు ఒకటుండేది, పాషాణం కలిపి చేసేవారు. దాన్నీ పరీక్షించి, నమ్ముకోవడానికి లేదని తేల్చాడు. పేరున్న మందుని పేరు చూసి వదిలెయ్యకుండా పరీక్షించిన డాక్టరంటే నాకు గౌరవం. ఇప్పటికీ కాటు వేస్తే ముందు ఆకు పసరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళున్న ఊళ్ళు మనవి.

ఒక్క లోటు మాత్రం ఈ రెండు పుస్తకాలకీ ఉంది, రీప్రింట్‌కి కాదు, ఒరిజినల్‌కే. బొమ్మలకి మూలం ఇక్కడి చిత్రకారులు గీసినవి. చేపలు పట్టి తెచ్చింది ఇక్కడి జాలర్లు. పాముల్ని బుట్టల్లో మోసుకొచ్చింది ఇక్కడి పాములవాళ్ళు. అట్ట మీద ఒక్కళ్ళ పేరూ లేదు. ఆ చిత్రకారుడు ఎవరో, ఏ వీధిలో ఉండేవాడో, ఎండలో చేప వాసన కొట్టకముందే గబగబా ఎలా గీసేవాడో. నాకు రస్సెల్ కంటే ఆయన్ని కలవాలని ఉంది.

ఇప్పుడు కొనాలా వద్దా అనే సంగతి. కొనకండి. నల్ల మరకల చేపల పుస్తకానికి ఐదుకి ఒకటి, అదీ ముందుమాట చదవడానికి వస్తుంది కాబట్టి. పాముల పుస్తకానికి ఒకటిన్నర. వేరే అమ్మకందారు దగ్గర బాగుండొచ్చు కదా అంటారేమో, అలా అయితే కొనేముందు మూడు అడగండి: బొమ్మల పేజీ ఫొటో ఒకటి, పుస్తకం పొడవూ వెడల్పూ ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నో సంపుటం. ఈ మూడింటికీ సూటిగా జవాబు ఇవ్వనివాడి దగ్గర కొనకండి. నేను మొదటిది అడిగినా 4,000 మిగిలేవి.

బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీకి మాత్రం ఐదుకి ఐదు, ఆరు ఉంటే ఆరు. పెద్ద పెద్ద మ్యూజియంల లైబ్రరీలు, బొటానికల్ గార్డెన్ల లైబ్రరీలు కలిసి 2006లో మొదలుపెట్టిన ఉచిత డిజిటల్ లైబ్రరీ. లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, యాడ్స్ లేవు. పేజీ పేజీకీ పెద్ద స్కాన్, కావాలంటే మొత్తం పీడీఎఫ్ దించుకోవచ్చు. పేజీలో ఉన్న శాస్త్రీయ నామాల్ని అదే గుర్తుపట్టి పక్కన చూపిస్తుంది. కాకపోతే రస్సెల్ పుస్తకాల్లో వెతికేటప్పుడు ఒక చిట్కా: మన స్పెల్లింగుతో వెతకొద్దు, దొర చెవితో వెతకండి. వంజరం అంటే ఏమీ రాదు, వింగెరమ్ అనాలి. అన్నీ అలా ఊహించడం కష్టం, దానికంటే బొమ్మలు వరసగా తిప్పుకుంటూ పైకి చదువుకుంటూ పోవడమే సుఖం. ఇంట్లో పెద్దవాళ్ళు, ముఖ్యంగా తీరం వైపు వాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మా మామగారిది భీమిలి, నాకు అంతుపట్టని "వనా మొట్టా"ని ఆయన వినీ వినగానే వానమట్ట అని తేల్చేశారు.

కాగితం మీద చూసుకోవాలని సరదా ఉన్నవాళ్ళకి నేను చివరికి చేసిన పని చెప్తాను. పీడీఎఫ్‌లోంచి నాకు నచ్చిన ముప్పై చేపల బొమ్మలు విడిగా తీసుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్ళి కాస్త మందం కాగితం మీద ఏ-త్రీ సైజులో తీయించాను. గీతలన్నీ వచ్చాయి, కళ్ళు వచ్చాయి, పొలుసులు వచ్చాయి. కాగితానికి పది రూపాయలు, స్పైరల్ బైండింగ్ అరవై. మొదటి కాపీ పెద్దమ్మకి ఇచ్చాను, కానాగంతల పేజీ పైన పెట్టి. పాములు కూడా తీయిద్దామనుకున్నా గానీ కలర్ అంటే ఖర్చు, అదొక్కటే ఇంకో నెల ఆగుతుంది.

పులస బొమ్మ మాత్రం రెండు కాపీలు తీయించి ఒకటి వంటింట్లో గోడకి అంటించాను. పది రూపాయలకి పులస కొనడం మా వంశంలో ఇదే మొదటిసారి.